నాన్నగారి చెంప మీద ఆకుపచ్చ చుక్క: ఉంచాలా, తీసేయాలా?

కాకినాడ నుంచి ఒక పాఠకురాలు చాలా వివరంగా ఉత్తరం రాశారు. ఎవరి కుటుంబమో తెలిసిపోయే సంగతులు పక్కనపెట్టి, విషయం చెడకుండా క్లుప్తంగా ఇస్తున్నాను.

వాళ్ల నాన్నగారు ఇరిగేషన్‌లో పనిచేసి రిటైరయ్యారు. పోయినేడు కార్తీక మాసంలో ఓ సాయంత్రం అమ్మానాన్నల్ని తీసుకుని ఈవిడ రాజమండ్రి పుష్కర ఘాట్‌కి వెళ్లారు. అమ్మగారు దీపాలు వదిలే హడావిడిలో ఉండగా, నాన్నగారు మెట్ల మీద కూర్చుని ఏదో మాటకి గట్టిగా నవ్వారు. ఈవిడ ఫోన్ తీసి ఒక్క ఫోటో కొట్టారు. వెనక గోదావరి, ఎడమవైపు పై మూలన దిగిపోతున్న సూర్యుడు, కుడివైపు కిందగా నాన్నగారు. మాఘంలో ఆయన గుండెపోటుతో పోయారు. తర్వాత వెతికి చూస్తే ఆయన మనసారా నవ్వుతున్న ఫోటో ఇంట్లో ఇదొక్కటే ఉంది.

ఫోటో అంతా నారింజ రంగు మసక కమ్మేసి ఉంది. సూర్యుడి దగ్గర్నుంచి ఏటవాలుగా లేత వలయాలు దిగి వచ్చాయి. అన్నిటికంటే చివర, సరిగ్గా నాన్నగారి కంటి కింద చెంప మీద ఆకుపచ్చ చుక్క పడింది. అన్నయ్య టెక్సాస్‌లో ఉంటారు. తండ్రి చివరి చూపుకి అందలేకపోయారు. సంవత్సరీకానికి ఇదే ఫోటో హాల్లో పెట్టాలని ఆయనే పట్టుబట్టి, ఊళ్లో ఒక స్టూడియోకి వాట్సాప్‌లో పంపి శుభ్రం చేయించి, 20×30 అంగుళాల పటం కట్టించారు. మసక పోయింది, చుక్క పోయింది. వాటితో పాటు కంటి కింద పుట్టుమచ్చ పోయింది, రెండు రోజుల నెరిసిన గడ్డం పోయింది, కనుబొమలు నల్లబడ్డాయి. అమ్మగారు పటం చూసి "ఎవరే ఈయన?" అని లోపలికి వెళ్లిపోయారట. ప్రస్తుతం అది బీరువా వెనక గోడకి తిప్పి పెట్టి ఉంది. పత్రికలో పనిచేసే స్నేహితురాలు "ఫోటోలో ఏదీ ముట్టుకోకూడదు, ఉన్నదున్నట్టు ఉంచెయ్" అంటోంది. అన్నయ్య ఫోన్‌లో "ఎండకెదురుగా పెట్టి ఎవరైనా ఫోటో తీస్తారా? నీకు తీయడమే రాదు" అన్నారు.

"ఉంచితే అన్నయ్యకి కోపం, తీస్తే అమ్మకి బాధ. సంవత్సరీకం వచ్చే నెలే. నేను సరిగ్గా తీసుంటే ఈ గొడవే ఉండేది కాదు కదండీ?" అని ముగించారు.

మీ ఆఖరి ప్రశ్నతోనే మొదలుపెడతాను. అది మనసులో ముల్లులా ఉన్నంతవరకూ మిగతావి తేలవు.

మీరు తప్పు తీయలేదు. రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. పుష్కర ఘాట్ మెట్ల మీంచి నదిని చూస్తే కొవ్వూరు వైపు, అంటే పడమటికి చూస్తున్నట్టు. సాయంత్రం పూట నాన్నగారి వెనక గోదావరి రావాలంటే కెమెరా సూర్యుడికి ఎదురుపడక తప్పదు. ఆయన్ని నది వైపు తిరిగి కూర్చోమని, మీరు కింది మెట్టుకి దిగి, సూర్యుణ్ని మీ వెనక పెట్టుకుని తీసుంటే ఆ చుక్క వచ్చేది కాదు. కానీ అప్పుడు వెనక గోదావరి ఉండేది కాదు. మెట్లూ, జనమూ, చెప్పులూ ఉండేవి. ఎండ సూటిగా కళ్లలో కొట్టి ఆయన కళ్లు చికిలించి, "త్వరగా కానీయమ్మా" అనే ముఖం పెట్టేవారు. మీరు రాసిన ఆ నవ్వు నీడలో ఉన్న ముఖం మీదే సాధ్యమైంది. సూర్యుడు ఎప్పుడూ ఫోటో తీసేవాడి వెనక ఉండాలన్నది పాత స్టూడియోల సూత్రం. ఆ రోజుల్లో లెన్సులు అలాంటివి. అన్నయ్య ఆ సూత్రాన్నే మీకు అప్పజెప్పారు. దాన్ని పాటించి ఉంటే మీ దగ్గర మచ్చలేని ఫోటో ఉండేది, ఈ నవ్వు ఉండేది కాదు.

ఇప్పుడు ఆ చుక్క ఎక్కడిదో చూద్దాం. ఎందుకంటే ఏది తీయొచ్చు, ఏది తీయకూడదు అన్నది దాని పుట్టుకలోనే ఉంది.

గాజు మీద పడ్డ వెలుతురంతా లోపలికి పోదు. పూత లేని గాజైతే ఒక్కో ఉపరితలం దగ్గర సుమారు 4 శాతం వెనక్కి కొడుతుంది. ఆరు బిళ్లలున్న లెన్స్ అంటే పన్నెండు ఉపరితలాలు. అలా వెనక్కి కొట్టిన వెలుతురు బిళ్లల మధ్య అటూ ఇటూ తిరిగి, చివరికి ఫోటో మీదే ఎక్కడో ఒకచోట పడుతుంది. 1935లో జర్మనీలో జైస్ కంపెనీలో అలెగ్జాండర్ స్మకులా అనే శాస్త్రవేత్త గాజు మీద పలుచని పూత పూసి ఈ ప్రతిఫలనాన్ని బాగా తగ్గించే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ మన చేతుల్లో ఉన్న ఫోన్ల లెన్సులకీ అలాంటి పూతలు ఉంటాయి. అయినా సూర్యుడే ఫ్రేములో ఉన్నప్పుడు, ఆ వెలుతురులో అతి చిన్న వంతు దారితప్పినా కంటికి కనిపించేస్తుంది. ఎంత ఖరీదైన ఫోనైనా దీన్ని పూర్తిగా ఆపలేదు.

మీ ఫోటోలో అలా దారితప్పిన వెలుతురు రెండు రూపాల్లో ఉంది. ఒకటి మొత్తం మీద పరుచుకున్న నారింజ మసక. రెండోది ఆ వలయాలు, చివర్న చుక్క. రెంటినీ కలిపి "ఫ్లేర్" అంటున్నాం గానీ వాటి లెక్కలు వేరు. ఫోన్‌లో ఉన్న అసలు ఫోటోని, అంచులేమీ కత్తిరించకుండా, కంప్యూటర్లో తెరవండి. సూర్యుడి నుంచి ఫోటో నడిమధ్య గుండా ఒక గీత గీయండి. మధ్య నుంచి సూర్యుడు ఎంత దూరంలో ఉన్నాడో, అవతలి వైపు దాదాపు అంతే దూరంలో ఆ ఆకుపచ్చ చుక్క కనిపిస్తుంది. సూర్యుడి ప్రతిబింబం లోపల వెలుతురుని పట్టే సెన్సర్ దగ్గర మెరిసి, లెన్స్ దాకా వెనక్కి వెళ్లి, తలకిందులై మళ్లీ సెన్సర్ మీదే పడిందన్నమాట. అన్నయ్య ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆయన చేత కూడా ఆ గీత గీయించండి. లెన్స్ మీద వేలిముద్ర వల్ల వచ్చిందేమో అని మీరు అనుమానపడ్డారు. వేలి జిడ్డు ఉంటే వెలుతురు నుంచి పొడుగాటి చారలు సాగుతాయి, ఇలా గుండ్రటి చుక్క పడదు. లెన్స్ ఎంత తుడిచినా ఇది వచ్చేదే.

ఇక అసలు సంగతి. ఫ్లేర్ ఉంచాలా తీసేయాలా అన్నది రెండో ప్రశ్న. దాని కింద ఏముంది అన్నది మొదటి ప్రశ్న. కింద నాన్నగారు ఉంటే, పైనున్నది తీయడం వల్ల ఆయనకేమీ కాదు. కింద ఏమీ మిగలకపోతే, తీసినచోట ఎవరో ఒకరు కొత్తగా గీయాలి. మీ ఇంట్లో అమ్మగారికి కోపం తెప్పించింది తీయడం కాదు, గీయడం.

మసక సంగతి చూడండి. ఫోటోలో ప్రతి బిందువు వెలుతురూ 0 నుంచి 255 వరకూ ఒక అంకె. 0 చిక్కటి నలుపు, 255 తెలుపు. మాటవరసకి నాన్నగారి కళ్లజోడు ఫ్రేము నలుపు 20 దగ్గర ఉండాల్సింది, దారితప్పిన వెలుతురు 60 వచ్చి కలిసి 80 అయింది. చెంప 110 ఉండాల్సింది 170 అయింది. అందుకే నలుపు బూడిదగా, ముఖం పాలిపోయినట్టుగా కనిపిస్తుంది. కానీ రెంటి మధ్యనున్న తేడా అలాగే ఉంది. కలిసిన 60ని మళ్లీ తీసేస్తే కళ్లజోడు, చెంప, ముడతలు, గడ్డం అన్నీ ఎక్కడివక్కడ ఉంటాయి. సూర్యుడి చుట్టూ మాత్రం అంకె 255 దగ్గర తెగిపోయి ఉంటుంది. అక్కడ తీయడానికి ఏమీ లేదు, అక్కర్లేదు కూడా. ముఖం నీడలో ఉంది కాబట్టి ఆ ప్రమాదం దానికి లేదు. మసక తగ్గించడం నాన్నగారిని మార్చడం కాదన్న ధైర్యంతో ఉండండి.

చుక్క దగ్గర కొంచెం జాగ్రత్త కావాలి, అయినా నిరాశ పడాల్సింది లేదు. ప్రతి ఫోటోలో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలుంటాయి. మీది ఆకుపచ్చ చుక్క గనక దాని దాడి ఎక్కువగా ఆకుపచ్చ పొర మీదే ఉంటుంది. ఫోటోషాప్ తెలిసిన మనిషి దగ్గర కూర్చుని "ఎరుపు చానల్ ఒక్కటీ చూపించండి" అని అడగండి. నలుపు తెలుపుల్లో ఒక ముఖం కనిపిస్తుంది. అందులో చుక్క దాదాపు కనపడకపోతే, కింద చర్మం పదిలంగా ఉన్నట్టే. ఆ పొరలోంచి వివరం తెచ్చుకుని, చుట్టూ ఉన్న చెంప రంగు చూసుకుని చుక్కని సర్దొచ్చు. పుట్టుమచ్చ ఎక్కడికీ పోదు.

ఇంకో మంచి ఆశ కూడా ఉంది. మీ ఫోన్‌లో లైవ్ ఫోటో లేదా మోషన్ ఫోటో ఆన్ చేసి ఉందేమో చూడండి. ఐఫోన్ అయితే నొక్కిన క్షణానికి ముందు ఒకటిన్నర సెకను, తర్వాత ఒకటిన్నర సెకను కూడా దాచి పెడుతుంది. చేతిలో పట్టుకున్న ఫోన్ ఎంతో కొంత కదులుతుంది. ఫోన్ కదిలితే ఫ్రేములో సూర్యుడు జరుగుతాడు, సూర్యుడు జరిగితే చుక్క దానికి ఎదురు దిక్కున జరుగుతుంది. అర సెకను ముందు ఫ్రేములో ఆ చుక్క చెంప మీద కాక భుజం మీదో, మెట్టు మీదో ఉండి ఉండొచ్చు. అప్పుడు ఆ చెంపని అక్కడి నుంచి తెచ్చుకోవచ్చు. ఆ ఫ్రేముల నాణ్యత అసలు ఫోటో కంటే తక్కువే గానీ, గోరంత చోటుకి సరిపోతుంది. అదే సాయంత్రం, అదే వెలుతురు, అదే నవ్వు. అరువు తెచ్చుకున్నది కూడా నాన్నగారి దగ్గర్నుంచే.

మరి స్టూడియోలో ముఖం ఎందుకు మారింది? మీ ఉత్తరంలోనే జవాబు ఉందనుకుంటున్నాను. అన్నయ్య వాట్సాప్‌లో పంపారన్నారు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫోటోని బాగా కుదించేస్తుంది. ఆ చిన్న ఫైలుని 20×30కి సాగదీయాలంటే లేని వివరాన్ని ఎక్కడినుంచో తేవాలి. ఇప్పుడు ఆ పని ఏఐ చేస్తోంది. అది నాన్నగారిని ఎరగదు. లక్షల ముఖాలు చూసి, కనుబొమ ఉన్నచోట మామూలుగా కనుబొమ ఎలా ఉంటుందో, చెంప ఎలా ఉంటుందో అలా నింపేస్తుంది. మామూలు చెంప మీద పుట్టుమచ్చ ఉండదు కాబట్టి తీసేసింది. నెరిసిన గడ్డపు చుక్కలు దానికి మరకల్లా కనిపించి ఉంటాయి. స్టూడియో కుర్రాడు మీ నాన్నగారిని ఎప్పుడూ చూడలేదు, కాబట్టి ఏం పోయిందో అతనికీ తెలియదు. మసక తీయడం, చుక్క తీయడం, ముఖం "మెరుగు" చేయడం, సైజు పెంచడం అన్నీ ఒకే పనిలో కలిసిపోయాయి. వీటిలో ముఖం మార్చమని మాత్రం మీ అన్నయ్య అడగలేదు. ఆ పటాన్ని చూపించి ఆయన్ని నిలదీయడం న్యాయం కాదు.

మీ స్నేహితురాలు చెప్పినది ఆమె వృత్తిలో వంద శాతం నిజం. 2014 జనవరిలో అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ, సిరియా యుద్ధంలో తీసిన ఒక ఫోటో మూలన ఉన్న తోటి విలేకరి వీడియో కెమెరాని చెరిపేశాడన్న కారణానికి ఒక ఫ్రీలాన్స్ ఫోటోగ్రాఫర్‌తో సంబంధం తెంచుకుంది. కెమెరా అక్కడ నిజంగా ఉంది, చదివేవాళ్లకి అది తెలియకుండా పోయింది, అదీ తప్పు. వార్తల ఫోటో ముక్కూముఖం తెలియని లక్షలమందికి సాక్ష్యం. మీ హాల్లో పటం ఆయన్ని ముప్పై నలభై ఏళ్లు చూసినవాళ్ల కోసం. అక్కడ అబద్ధం ఏది, నిజం ఏది అని తేల్చగలిగినవాళ్లు మీ ఇంట్లోనే ఉన్నారు. పైగా ఆ చుక్క ఘాట్‌లో లేనే లేదు. అక్కడున్న ఏ కన్నూ దాన్ని చూడలేదు. కాబట్టి "ముట్టుకోకూడదు" అన్న నియమం మీకు అడ్డు కాదు. ఆ నియమంలో ఉన్న జాగ్రత్తని మాత్రం తీసుకోండి: ఉన్నదాన్ని పోగొట్టకూడదు.

ఇప్పుడు అన్నయ్య గురించి నాకు తోచినది చెబుతాను. చొరవ తీసుకుంటున్నానని అనుకోకండి. ఆ సాయంత్రం మీరు అక్కడ ఉన్నారు. మీకు ఆ నారింజ మసక చూస్తే నీళ్ల మీద గాలి, అమ్మగారి దీపాలు, నాన్నగారు దేనికి నవ్వారో అన్నీ గుర్తొస్తాయి. అమ్మగారికీ అంతే. అన్నయ్య అక్కడ లేరు. ఆయనకి ఆ మసకలో గుర్తుతెచ్చుకోవడానికి ఏమీ లేదు. చివరి చూపు దక్కని మనిషికి కావలసింది ముఖం. ఆ ముఖానికి, తనకి మధ్య ఏదో అడ్డం వచ్చినట్టు ఆయనకి అనిపిస్తోంది. "నీకు ఫోటో తీయడం రాదు" అన్న మాటలో "నేను అక్కడ ఉండాల్సింది" అన్న బాధే ఎక్కువ వినిపిస్తోంది నాకు. ఆ మాట అనడం సరైందని చెప్పడం లేదు. కానీ మీ ఇద్దరి గొడవ ఫ్లేర్ గురించి కాదు కాబట్టి, ఫ్లేర్ విషయంలో ఎవరో ఒకరు నెగ్గినంత మాత్రాన అది తీరదు.

మీ ముందున్న దారులు, ఒక్కోదానితో వచ్చేవీ చెబుతాను. ఏది ఎంచుకోవాలన్నది మీ ముగ్గురి ఇష్టం.

ఏమీ ముట్టుకోకుండా అలాగే ప్రింట్ వేయించొచ్చు. ఆల్బమ్‌లో 6×8 సైజులో ఆ ఫోటో చాలా అందంగా ఉంటుంది, నాకు సందేహం లేదు. ఎండని అలా ఫ్రేములోకి రానిచ్చి తీసిన ఫోటోల కోసం ఇవాళ పెళ్లిళ్లవాళ్లు ఫోటోగ్రాఫర్ని సాయంత్రం దాకా ఆపుతున్నారు. కొందరైతే లేని ఫ్లేర్‌ని కంప్యూటర్లో తెచ్చి అతికిస్తున్నారు. సూర్యుడు ఒకచోట, వలయాలు ఇంకో దారిలో ఉండి అది ఇట్టే తెలిసిపోతుంది. మీది అసలైనది. అయితే హాల్లో పెద్ద పటంగా పెడితే లెక్క మారుతుంది. 20×30లో ఆ చుక్క రూపాయి బిళ్లంత అవుతుంది. గుమ్మంలోంచి వచ్చే ప్రతివాళ్ల చూపూ ముందు దాని మీదే పడుతుంది, "ముఖం మీద అదేంటమ్మా?" అన్న ప్రశ్న ఏడాది పొడుగునా అమ్మగారే వినాలి. అన్నయ్యకి ప్రతి వీడియో కాల్‌లో ఆ చుక్కే కనిపిస్తుంది.

రెండో దారి, మొత్తం శుభ్రం చేయడం. మసకంతా, వలయాలన్నీ, చుక్కా తీసేసి ముఖం మామూలు పగటి వెలుతురులో ఉన్నట్టు చేయడం. అసలు ఫైలు మీద, ఏఐ మెరుగులు లేకుండా చేస్తే ముఖం మారదు కాబట్టి అమ్మగారి అభ్యంతరం ఉండకపోవచ్చు. కానీ ఇంకో చిక్కు వస్తుంది. ఆయన జుట్టు అంచున వెనక నుంచి పడ్డ ఎండ మెరుపు ఉంటుంది, నీళ్ల మీద తళుకులు ఉంటాయి, మూలన సూర్యుడు ఉంటాడు. అవన్నీ ఎదురెండ అని చెబుతుంటే, ఫోటో మాత్రం ఎదురెండ లేనట్టు నల్లగా, స్పష్టంగా ఉంటుంది. చూసేవాళ్లకి కారణం తెలియకపోయినా మనిషిని తెచ్చి గోదావరి ముందు అతికించినట్టు అనిపిస్తుంది. పైగా మసక పూర్తిగా తీసేస్తే నీడలో ఉన్న ముఖం బాగా చీకటి పడుతుంది. దాన్ని మళ్లీ లేపాలి, లేపితే గరుకుతనం బయటపడుతుంది, దాన్ని నున్నగా చేయబోతే గడ్డం మళ్లీ పోతుంది. మొదటికే వస్తారు.

మూడోది మధ్యస్తంగా ఉంటుంది. నా మొగ్గు దీనివైపే ఉందని దాచను. చెంప మీద చుక్క తీసేయించండి, ఎరుపు పొర నుంచో, లైవ్ ఫోటో నుంచో అసలు చర్మం తెచ్చి. మసకని ముఖం మీద మాత్రం సగానికి తగ్గించమనండి, కళ్లజోడు ఫ్రేము నల్లగా కనపడేంతవరకు చాలు. నది మీద, ఆకాశంలో, జుట్టు అంచున ఉన్న ఎండ జోలికి పోవద్దు. ముఖానికి దూరంగా ఉన్న లేత వలయాలు ఒకటి రెండు ఉన్నా నష్టం లేదు, వెలుతురు ఎటునుంచి వచ్చిందో అవే చెబుతాయి. ఇందులో ఇబ్బంది ఏమిటంటే ఒక్క బటన్‌తో అయ్యే పని కాదు. ఓపికగా గంటో రెండు గంటలో కూర్చునే మనిషి కావాలి, మీరూ పక్కన కూర్చోవాలి. ఇంట్లో ఉన్న నాన్నగారి మరో మంచి ఫోటో, పాస్‌పోర్ట్ సైజుదైనా సరే, పుట్టుమచ్చ కనపడేది వెంట తీసుకెళ్లి టేబుల్ మీద పెట్టండి. దాన్నుంచి ఏమీ కాపీ చేయక్కర్లేదు. చేసే మనిషికి ఏది పోకూడదో తెలిస్తే చాలు.

నలుపు తెలుపుల్లో వేయించడం ఇంకో దారి. ఇది చాలామందికి తట్టదు. రంగుల ఫోటోని నలుపు తెలుపులోకి మార్చేటప్పుడు ఏ పొరని ఎంత తీసుకోవాలో మన చేతిలోనే ఉంటుంది. ఎరుపు ఎక్కువగా, ఆకుపచ్చ బాగా తక్కువగా తీసుకుంటే ఆ చుక్క దానంతటదే కరిగిపోతుంది. ఎవరూ ఏమీ గీయనక్కర్లేదు, నారింజ మసక కూడా రంగు పోయి పొగమంచులా మారిపోతుంది. మీ ఫోటోలో లైవ్ ఫ్రేములు లేకపోయినా, మంచి రీటచింగ్ మనిషి దొరక్కపోయినా ఇది పనిచేస్తుంది. ఎరుపు పొరలో చర్మం కాస్త తెల్లగా, పుట్టుమచ్చ కాస్త లేతగా కనిపిస్తుందని మాత్రం ముందే తెలుసుకోండి. ఆ సాయంత్రపు రంగు పోతుంది. ఆ రంగే అమ్మగారికి ప్రాణమైతే ఇది ఆవిడకి నచ్చదు.

ఇవేవీ కాక, హాల్లో పూజకి వేరే ఫోటో పెట్టుకుని దీన్ని ఇలాగే మీ గదిలో ఉంచుకోవచ్చు. దండ వేసే పటంలో ముఖం తేటగా ఉండాలన్న పట్టింపు మన ఇళ్లలో ఉంది, దాన్ని తప్పుపట్టను. అందులో నవ్వు లేకపోయినా ఫర్వాలేదని అందరూ ఒప్పుకుంటే, అది అన్నిటికంటే తేలిక. కానీ అన్నయ్య ఇదే ఫోటో అని పట్టుబట్టింది కూడా ఆ నవ్వు కోసమే కదా. ఆయన్ని అడగకుండా మార్చేస్తే ఇంకో గాయం అవుతుంది.

ఒకటికి మించి పటాలు ఉండకూడదని ఎవరూ చెప్పలేదని కూడా గుర్తుంచుకోండి. మూడో దారిలో చేయించింది హాల్లోకి, ఏమీ ముట్టుకోనిది అమ్మగారి మంచం పక్కకి, అన్నయ్య కోసం ముఖం వరకు దగ్గరగా కత్తిరించినది టెక్సాస్‌కి. మూడూ అదే ఫైలు నుంచి వచ్చినవే.

ఏ దారైనా ముందు చేయాల్సినవి ఉన్నాయి. ఫోన్‌లో ఉన్న అసలు ఫైలుని ఇవాళే రెండు చోట్ల దాచండి. ఒకటి కంప్యూటర్లో, ఒకటి పెన్‌డ్రైవ్‌లో. ఫోన్ పోతే ఈ చర్చంతా వాట్సాప్ కాపీ మీదే జరగాలి. స్టూడియోకి పెన్‌డ్రైవ్‌లోనే ఇవ్వండి, తప్పనిసరై వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాక డాక్యుమెంట్‌గా పంపండి. ఐఫోన్ అయితే ఆ లైవ్ ఫ్రేములు ఫోన్‌లోనే చూసి, కావలసింది విడిగా తీసుకోండి, డాక్యుమెంట్‌లో అవి వెళ్లవు. ఇచ్చేటప్పుడు "ఫేస్ ఎన్‌హాన్స్ వద్దు, స్మూత్ చేయొద్దు, ఏఐతో సైజు పెంచొద్దు" అని కాగితం మీద రాసి ఇవ్వండి. సైజు విషయంలో కూడా పునరాలోచించండి. మామూలు 12 మెగాపిక్సెల్ ఫోటోలో పొడవు 4032 పిక్సెల్స్. 12×16 అంగుళాలకి వేస్తే అంగుళానికి 252 వస్తాయి, దగ్గర నుంచి చూసినా చక్కగా ఉంటుంది. 30 అంగుళాలకి సాగదీస్తే 134 మాత్రమే. పైగా 20×30 ఆకారం ఫోన్ ఫోటో ఆకారం కాదు కాబట్టి అంచులు కత్తిరించాలి, అటు సూర్యుడో ఇటు నాన్నగారి మోకాలో పోతుంది.

పటం గాజు గురించి కూడా ఒక మాట. ముందు చెప్పిన ఆ 4 శాతం మీ హాల్లో కూడా పనిచేస్తుంది. కిటికీకి ఎదురుగానో, ట్యూబ్‌లైట్ కిందో పటం పెడితే గాజు మీద ఇంకో మసక పడి, కష్టపడి సరిచేసిన ముఖం మళ్లీ కనపడదు. మ్యాట్ పేపర్ మీద వేయించి, వెలుతురు పక్కనుంచి పడే గోడ చూసుకోండి.

అన్నయ్యతో మాట్లాడేటప్పుడు బీరువా వెనక ఉన్న పటంతో మొదలుపెట్టకండి. "అసలు ఫైలు నా దగ్గరుంది, నీకు వెళ్లింది వాట్సాప్ కుదించిన కాపీ. దీంతో మళ్లీ చేయిద్దాం, చుక్క తీయిద్దాం, పుట్టుమచ్చ ఉంచుదాం" అనండి. ఆయన అడిగినదాంట్లో సగం ఒప్పుకుంటున్నారు, అదీ నిజంగానే. తర్వాత వీలు చూసుకుని ఆ సాయంత్రం నాన్నగారు దేనికి నవ్వారో చెప్పండి. ఆయనకి ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు మీ ఉత్తరంలో కనపడలేదు.

పెద్ద పటం ఆర్డర్ ఇచ్చేముందు మూడో దారిలోదీ, నలుపు తెలుపుదీ, ఏమీ ముట్టుకోనిదీ పోస్ట్‌కార్డ్ సైజులో వేయించి, ఏది ఏమిటో చెప్పకుండా అమ్మగారికి చూపించండి. ఒక రోజంతా ఆవిడ దగ్గరే ఉంచండి. వాటి ఫోటోలే తీసి అన్నయ్యకీ పంపండి. వచ్చే నెల దాకా టైముంది, రీటచింగ్‌కి వారం, ప్రింటుకీ ఫ్రేముకీ ఇంకో వారం వేసుకున్నా సరిపోతుంది.